కాప్పు కట్టిన చెయ్యి

విరుదునగర్ స్టేషన్ బయట నా టీ కొట్టు. ఎండ గురించి ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. మార్చి సగంలో మొదలయ్యే పంగుని నెలలో మిట్టమధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడి పాలు కాచేవాడికి ఎండ గురించి ఇంకొకడు చెప్పేదేముంటుంది? చెప్పే హక్కున్నవాడు ఒక్కడే, మా బావ నల్లసామి. తొంభై నాలుగులో, అదే నెలలో, కాళ్ళకి చెప్పులు లేకుండా ఆయన ఈ ఊరంతా జట్కా తోలాడు.

ఆయన మా అక్క వల్లియమ్మాళ్ మొగుడు. మా ఊరు విరుదునగర్‌కి దక్షిణాన నల్లరేగడి నేలల్లో ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అందరూ వానని నమ్ముకుని పత్తో మిరపో వేసేవాళ్ళే. బావకి మాత్రం సేద్యం అబ్బలేదు, గుర్రం అబ్బింది. ఆటోలొచ్చి జట్కాల కడుపు కొట్టాక తోటివాళ్ళంతా గుర్రాలు అమ్ముకుని మిల్లుల్లో చేరారు. బావ చేరలేదు. "ఆటోకి గడ్డి పెడితే తింటాదా? నన్ను చూసి తలూపుతాదా?" అనేవాడు. మొండిఘటం. నేనెంత తిట్టినా నవ్వేసి, నా కొట్టులో టీ తాగి, గుర్రానికి బెల్లం ముక్క అడిగి మరీ పట్టుకుపోయేవాడు.

ఆయన కూతురు ముత్తుసెల్వికి ఐదేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. ఒంటి మీద పొక్కులు మానాయి గానీ ఒక కంట్లో తెల్లగా పొర కట్టింది. పిల్ల దేన్నైనా చూడాలంటే కోడిపిల్లలా తల పక్కకి తిప్పేది. కంటి డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, తగ్గినా తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు అన్నాడు. ఆ మాట పట్టుకుని మావాళ్ళు ఊరుకుంటారా? అమ్మవారు ఇచ్చిన జబ్బుకి అమ్మవారినే అడగాలి. బావ ఊరి మారియమ్మ ముందు సాష్టాంగపడి మొక్కుకున్నాడు. బిడ్డ కన్ను బాగుచెయ్యి తల్లీ, ఈ జాతరకి కాప్పు కట్టుకుని అగ్గిచట్టి ఎత్తుతాను, నీకు వెండి కళ్ళు చేయించి ఇస్తాను, అని.

కాప్పు అంటే పసుపు కొమ్ము కట్టిన పసుపు దారం. జాతర మొదలయ్యే రోజున పూజారి దాన్ని మణికట్టుకి కడతాడు. అది చేతికి ఉన్నన్నాళ్ళూ మనిషి అమ్మవారి సొత్తు. ఒంటిపూట తిండి, కటిక నేల మీద పడక. కాళ్ళకి చెప్పులుండకూడదు, పొద్దుగూకాక ఊరి పొలిమేర దాటకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు చావు మైల, మావాళ్ళు తీట్టు అంటారు. చావు జరిగిన చోట నిలబడకూడదు, శవాన్ని ముట్టకూడదు. ముట్టాడా, మొక్కు చెడుతుంది. చెడిన మొక్కు ఎవరికోసం మొక్కారో వాళ్ళ మీదికే తిరగబడుతుంది. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

బావ చేతికి కాప్పు ఉన్న రోజుల్లోనే, ఒక పొద్దున మదురై వైపు నుంచి వచ్చిన రైల్లో ఇద్దరు తెల్లవాళ్ళు దిగారు. కుర్రాడి పేరు యోనాస్, పిల్ల పేరు ఆన్నెకె. ఆ పేర్లు మాకు తర్వాత పోలీసుల నోట తెలిశాయి. హాలండ్ దేశం వాళ్ళు. ఇద్దరి వీపుల మీదా ఒక సంసారం పట్టేంత సంచులు, కుర్రాడిది నీలం రంగుది. కన్యాకుమారికి పోతూ, సాయంత్రం బండి దాకా ఊరు చూద్దామని దిగారట. ఊరు చూడ్డానికి! ఇక్కడికి వచ్చేవాళ్ళు మిరపకాయలు కొనడానికొస్తారు, పప్పులు అమ్మడానికొస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళని నేను అంతకు ముందు చూడలేదు. స్టేషన్ పోర్టరైతే ముఖం మీదే నవ్వాడు.

సంచులు నా బెంచీ కింద పెట్టారు. టీ ఇస్తానంటే వద్దన్నారు. కుర్రాడు కడుపు పట్టుకుని, ముఖం చిట్లించి, మదురైలో ఏదో తిని చెడిందని సైగలతో చెప్పాడు. అందుకని మా నీళ్ళు కూడా ముట్టరు. తమ సీసాలో మాత్ర వేసుకున్న నీళ్ళే పొదుపుగా గుక్కెడు గుక్కెడు తాగుతున్నారు. ఆటోవాళ్ళు చుట్టుముట్టారు. కుర్రాడు వాళ్ళందర్నీ దాటుకుని పోయి బావ గుర్రం మెడ నిమిరాడు. అంతే, బావ పడిపోయాడు. బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

"పావం, పిల్లకాయలు. పొద్దుగూకే లోపల తిప్పి తెస్తాను సుబ్బురాజ్," అని నాతో అని, పగ్గాలు అందుకున్నాడు.

ఆ రోజు సంగతి బావ నాకు ఒక్కసారిగా చెప్పలేదు. నెలల తరబడి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కొంత పూజారి చెప్పాడు. నేను అన్నీ ఒక దారిన పెట్టి చెబుతున్నాను.

ముందు మిరపకాయల మండీకి పోయారట. లోపల అడుగు పెట్టగానే ఇద్దరూ తుమ్మి తుమ్మి, కళ్ళనీళ్ళు కార్చుకుంటూ నవ్వారట. మూటలు మోసేవాళ్ళూ పని ఆపి నవ్వారు. ఆన్నెకె మండీలో ఫోటోలు తీసుకుంటుంటే యోనాస్ బయట బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బావ పాదాలు చూపించి, ఎందుకిలా అని చెయ్యి తిప్పాడు. బావ మణికట్టుకున్న దారం చూపించాడు. అదేమిటన్నట్టు చూస్తే, అరచెయ్యి మోకాలెత్తున పెట్టి చిన్న పిల్లని చూపి, తన కన్నొకటి మూసి, ఆకాశానికి దణ్ణం పెట్టాడు. ఆ మాత్రం భాష ఎవరికైనా అర్థమవుతుంది. కుర్రాడు తన కళ్ళకున్న నల్లద్దాలు తీసి బావ చొక్కా జేబులో పెట్టాడు, మోకాలెత్తున చెయ్యి చూపించాడు. పిల్లకి ఇమ్మని.

తర్వాత వాడు కూడా చెప్పులు విప్పి తారు రోడ్డు మీద నాలుగడుగులు వేశాడు. కెవ్వున ఎగిరి బండిలో పడ్డాడు. బావకి నవ్వు ఆగలేదట. ఆ తర్వాత బావ నవ్వడం నేను చూడలేదు.

మండీ అయ్యాక పత్తి గోదాములు, ఆ తర్వాత నూనె గానుగ. పరోటా కొట్టు దగ్గర ఆగితే ఆన్నెకె ఇష్టంగా తిన్నది, యోనాస్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని వదిలేశాడు. నీడలో కూర్చోండయ్యా అంటే వినరు, ఎక్కడ ఎండ ఉంటే అక్కడికే పోయి నిలబడతారు. వాళ్ళ దేశంలో ఎండ అపురూపమట, కాస్తే పండగట. మా ఎండ ఆ జాతి ఎండ కాదని వాళ్ళకి చెప్పేదెవరు? బావకి వచ్చిన ఇంగ్లీషు కమ్, గో, స్టేషన్, గుడ్. ఆ నాలుగు మాటలతో ఒక మనిషిని ఎండలోంచి లాగడం కుదరదు.

పొద్దు నడినెత్తి దాటాక వాళ్ళ సీసా అయిపోయింది. సీసా నీళ్ళమ్మే కొట్లు అప్పట్లో విరుదునగర్‌లో ఏవో ఒకటీ అరా, అవీ ఆ వేళకి తలుపులేసుకుని పడుకుంటాయి. బావ తన కుండ మూత తీసి, చెంబు ముంచి ఇచ్చాడు. ఆన్నెకె తల అడ్డంగా ఊపింది. యోనాస్ చెయ్యి చాపాడు, మళ్ళీ కడుపు తడుముకుని వెనక్కి తీసుకున్నాడు. ఆ కుండలో నీళ్ళు బావ తాగుతాడు, నేను తాగాను, మా అక్క బిడ్డ తాగింది. తాగవలసినవాడు తాగలేదు. వాడికి మంచి చెబుదామని ఎవరో రాసిన పుస్తకంలో నీళ్ళు ముట్టొద్దని ఉందట.

కాసేపటికి కుర్రాడి మాట తడబడింది. ముఖం పండుమిరపలా అయిపోయింది, చెమట ఆగిపోయింది. వాంతి చేసుకుని బండిలోనే పక్కకి ఒరిగాడు. ఆన్నెకె వాడి తల ఒళ్ళో పెట్టుకుని, హాస్పిటల్, హాస్పిటల్ అని అరిచింది. ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. వీధి చివర కుడి పక్కకి తిరిగితే ఆసుపత్రి. బావ గుర్రాన్ని అదిలించాడు. పోతూ ఒకసారి వెనక్కి చూశాడు. కుర్రాడి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నల్లగుడ్లు కనిపించడం లేదు. చెయ్యి బండి బయటికి వేలాడుతోంది. వీడు నా బండిలోనే పోతాడు, అనుకున్నాడు బావ.

పగ్గాలు పట్టుకున్న చేతికి కాప్పు ఉంది. వీధి చివర ఆయన గుర్రాన్ని ఎడమ పక్కకి తిప్పాడు.

ఎడమ పక్క పూలబజారు. జాతరకి పూలు మాట్లాడుకోవడానికి మా ఊరి పూజారి సుడలై ఆ రోజు అక్కడికి వస్తాడని బావకి తెలుసు. కాప్పు ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. విప్పించుకుని, ఒక్క పరుగున ఆసుపత్రికి చేరదామని ఆయన ఆలోచన. ఒక్క నిమిషం పని అనుకున్నాడు. తీరా పోతే సుడలై పూలకొట్టులో లేడు, టీకి పోయాడన్నారు. బావ బండిని నడివీధిలో వదిలేసి, వెతికి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"సామీ, కాప్పు విప్పు. తొందరగా విప్పు."

"ఏంరా, మతి పోయిందా నీకు? అగ్గిచట్టి ఎత్తకముందే విప్పేదుండాదా?"

"బండిలో మనిషి పోతా ఉండాడు సామీ. తీట్టు తగులుతాది."

"అయితే దించెయ్యి."

"యాడ దించేది? దేశంగాని దేశం పిల్లకాయలు."

"విప్పితే నీ బిడ్డ కన్ను నీ చేత్తో నువ్వే పొడిచినట్లు. చెప్పేది చెప్పినా. తర్వాత నన్ననొద్దు."

సుడలై చెడ్డవాడు కాదు. తాతల నుంచి విన్నది చెప్పాడు. విప్పకుండానే మైల తగలకుండా కట్టు వేస్తానన్నాడు. పసుపు తెమ్మన్నాడు, వేపరెమ్మలు తెమ్మన్నాడు. చెంబులో కలిపి, మంత్రం చదువుతూ బండి చుట్టూ నింపాదిగా తిరిగాడు. గుర్రం మీద చల్లాడు, బావ మీద చల్లాడు, ఆ కుర్రాడి మీద చల్లాడు, నుదుట విబూది పెట్టాడు. ఆన్నెకె మొదట గుర్రాన్ని తోలమని అరిచింది. ఆ విబూది చూశాక ఏమనుకుందో, అరుపు ఆపి, చేతులు జోడించి, ఏడుస్తూ కూర్చుంది. చుట్టూ జనం. అంత జనంలో ఒక్కడికి కూడా ఆ కుర్రాణ్ణి ఎత్తి ఆటోలో వెయ్యాలని తోచలేదు. బావని అనే ముందు ఆ బజారునంతా నిలబెట్టి తిట్టాలని నాకు ఇప్పటికీ ఉంటుంది. చిలకరించిన ఆ నీళ్ళు బకెట్టుతో నెత్తిన కుమ్మరించి ఉంటే వాడు బతికేవాడేమో.

చివరికి బండి ఆసుపత్రి ముందు ఆగింది. ఆన్నెకె వాణ్ణి చంకల కింద పట్టుకుని కిందికి లాగుతూ సాయం పట్టమని బావ వైపు చూసింది. బావ బండి దిగాడు. కాప్పున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, గుండెకి అదుముకుని నిలబడ్డాడు. అంతే. కదల్లేదు. లోపలివాళ్ళు స్ట్రెచర్ తెచ్చేదాకా ఆ బక్కపిల్ల ఒక్కతే వాణ్ణి మోసింది. ఎవరో కబురు చెప్తే నేను కొట్టు వదిలి పరుగెత్తుకెళ్ళాను. నేను వెళ్ళేసరికి వాడి ముఖం మీద గుడ్డ కప్పేశారు. కాస్త ముందు తెచ్చుంటే, అన్నాడు డాక్టరు. ఆ మాట డాక్టర్లు అందరితోనూ అంటారని బావకి నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆయన చెవికెక్కలేదు.

జాతరనాడు బావ అగ్గిచట్టి ఎత్తాడు. నిప్పులు నిండిన చట్టిని చేతుల్లో పట్టుకుని ఊరంతా తిరిగాడు. ముఖంలో నొప్పి లేదు, భక్తి లేదు, ఏమీ లేదు. కాప్పు విప్పించుకున్నాక వెండి కళ్ళతో పాటు ఆ నల్లద్దాలు కూడా హుండీలో వేశాడు.

వానలు మొదలయ్యేలోపు ముత్తుసెల్వి కన్ను తేటపడింది. చుక్కల మందు పని చేసిందంటాను నేను, అమ్మ దయ అంటుంది అక్క. పూజారి సుడలై అయితే, కట్టుబాటంటే నల్లసామిని చూసి నేర్చుకోండిరా అని పదిమందిలో మెచ్చుకున్నాడు. ఊళ్ళో ఒక్కరు కూడా, ఆ రోజు నువ్వు చేసింది తప్పురా అనలేదు. ఎవరో ఒకరు అని ఉంటే బావకి పోట్లాడ్డానికైనా ఉండేది.

ఆయన కూతుర్ని చూడ్డం మానేశాడు. మాట వరసకి అనడం లేదు, నిజంగానే మానేశాడు. అంతకు ముందు గుర్రం మీద కూర్చోబెట్టి తిప్పిన బిడ్డని. ఎదురొస్తే నేల చూసేవాడు. నాయనా అని పిలిస్తే గోడవైపు తిరిగి, "ఏమ్మా" అనేవాడు. కన్ను పోయి ఉంటే ఏడ్చేవాడు, ఏడ్చి మళ్ళీ మనిషయ్యేవాడు. కన్ను వచ్చింది.

"వాడి పానం తీసి నా బిడ్డకి పెట్టినా సుబ్బురాజ్," అన్నాడు ఒకసారి నా కొట్టు వెనక కూర్చుని. "దాని కంట్లో నుంచి వాడే చూస్తా ఉండాడు నన్ను."

గుర్రాన్ని అమ్మేశాడు. పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని కోవిల్‌పట్టికి పోయి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కావలి పనికి చేరాడు. అక్క ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలకి కాగితాలు అతికించేది. ముత్తుసెల్వి చదువులో చురుకు, ఇంగ్లీషు గడగడా చదివేది. కంటి సంగతి దానికి గుర్తు లేదు, ఎవరూ చెప్పనూ లేదు. ఎదిగాక ఒకసారి నన్ను నిలదీసింది. "మామా, నాయనకి మగబిడ్డ కావాలని ఉండెనా? నన్ను చూస్తే ఎందుకట్ల గోడ పక్క తిరుగుతాడు?" మీ నాయనకి మెడ నొప్పి తల్లీ అన్నాను. ఇంకేం చెప్పను?

రెండువేల ఐదు పంగునిలో, నా కొట్టు ముందు ఒక తెల్లావిడ దిగింది. పెద్దావిడ, జుట్టు నెరిసిపోయింది. వీపున ఉన్న నీలం సంచీని నేను వెంటనే గుర్తుపట్టాను. నా బెంచీ కింద ఒక పూటంతా ఉన్న సంచీ అది. చేతిలో ఫోటో ఉంది, మిరప మండీ ముందు జట్కా, పక్కన బావ, గుర్రం మెడ మీద చెయ్యేసి నవ్వుతున్న యోనాస్. ఆమె వాడి తల్లి. కొడుకు చూసినవన్నీ చూస్తానంది. చూపించాను. మండీలో ఆమె కూడా తుమ్మింది, నవ్వలేదు. పరోటా కొట్టు ముందు చాలాసేపు ఊరికే నిలబడింది. నేను వెంటబడి తిట్టి కొబ్బరిబోండాలు తాగించాను, నెత్తిన తడిగుడ్డ వేయించాను. ఇంకో చావు నాకొద్దు.

తర్వాత ఫోటోలో బావని వేలితో చూపించింది. ఆయన్ని చూడాలట. ఆలోచించాను. ఇన్నేళ్ళకి ఆ మనిషిని తిట్టడానికి ఒకరొచ్చారు, తిట్లు తిని అయినా బాగుపడతాడు అనుకున్నాను. బస్సెక్కించి కోవిల్‌పట్టికి తీసుకుపోయాను.

అక్క అగ్గిపెట్టెల కుప్ప పక్కకి తోసి చాప వేసింది. ఫోటో చూడగానే బావ లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ మాట్లాడుతుంటే ముత్తుసెల్వి ఆగి ఆగి తెలుగులో చెప్పింది.

"నాయనా, ఈయమ్మ కొడుకు నీ బండిలో పోయినాడంట. నాకెవరూ చెప్పనే లేదే. కూడా ఉండిన పిల్ల ఈయమ్మకి అంతా చెప్పిందంట. నువ్వు దోవలో బండి ఆపి, సామిని పిలుచుకొచ్చి, ఆయన చేత ఈయమ్మ బిడ్డకోసం పూజ చేయించినావంట. విబూది పెట్టించినావంట. ఆస్పత్రి ముందర గుండెమీద చెయ్యి పెట్టుకొని మొక్కతా నిలబడినావంట." ముత్తుసెల్వి ఆవిడ వైపు తిరిగి, మిగతాది విని చెప్పింది. "నా బిడ్డ దిక్కులేకుండా పోలేదు, వాడికోసం మొక్కేదానికి ఒక మనిషి ఉండాడు, అది తలుచుకొనే ఇన్నాళ్ళూ బతికినాను అంటాది నాయనా."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! బావ గోడ వదిలి ముందుకొచ్చాడు. కూతురి ముఖంలోకి సూటిగా చూశాడు.

"చెప్పు. వాడికోసం నేను మొక్కలేదని చెప్పు. నీకు కంట్లో పొర ఉండె, నా చేతికి కాప్పు ఉండె. వాడి తీట్టు తగిలితే నీ కన్ను పోతాదని బయపడితిని. ఆస్పత్రి కుడి పక్క, నేను ఎడమ పక్క పోతిని. వాణ్ణి ముట్టను కూడా లేదు. నీ కన్ను కోసం చేసినా. అట్లే చెప్పు, ఒక్క మాట మార్చకుండా."

ముత్తుసెల్వి ఫోటో అందుకుని చూసి, ఆవిడకి తిరిగిచ్చింది. ఆవిడ దాని పెదవుల వంకే చూస్తోంది. చివరికి అది ఇంగ్లీషులో మెల్లగా నాలుగైదు మాటలు చెప్పింది. నాకు వచ్చిన ఇంగ్లీషు టీ కొట్టు ఇంగ్లీషు, అయినా రెండు ముక్కలు పట్టుకున్నాను. యెస్, అంది. హి ప్రేయ్‌డ్, అంది.

ఆ తల్లి లేచి వచ్చి బావ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒకప్పుడు కాప్పున్న ఆ మణికట్టుని కళ్ళకి అద్దుకుంది. బావ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అంతా విని కూడా ఆమె తనని క్షమించిందనుకున్నాడు. నేను నోరు తెరవలేదు.

అక్క ఆవిణ్ణి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి తీసుకుపోయింది. బావ తల ఎత్తాడు. ముఖం కడిగినట్టు తేలిగ్గా ఉంది. కూతురి వంక తనివితీరా చూస్తున్నాడు. ముత్తుసెల్వి వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏ కన్ను నాయనా?"

బావ చెయ్యి చాపి, బొటనవేలితో దాని ఎడమ రెప్పని తాకాడు. ఎన్నేళ్ళకో బిడ్డని ముట్టుకున్నాడు. ముత్తుసెల్వి ఆ కన్ను మూసుకుంది. రెండో కంటితో ఆయన్ని కాసేపు చూసి, లేచి దూరంగా పోయి నిలబడింది.

"అమ్మా," అని పిలిచాడు బావ.

ముత్తుసెల్వి గోడవైపు తిరిగి, "ఏం నాయనా," అంది.